8085 బస్: ఖాళీ స్లాటు దగ్గర చెయ్యి పెడితే హ్యాంగ్, హెచ్‌ఎల్‌టీ తర్వాత ర్యామ్‌లో బైట్లు మారిపోతున్నాయి

టంకం85 | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఇంట్లో ఇంటెల్ 8085 ప్రాసెసరుతో చిన్న కంప్యూటర్ కడుతున్నాను. ఆరు స్లాట్ల బ్యాక్‌ప్లేన్ (కార్డులన్నిటినీ కలిపే బోర్డు) చేశాను. మొదటి స్లాటులో సీపీయూ కార్డు: 8085ఏ, 6.144 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. సీపీయూ నుంచి బయటికి వెళ్లే అడ్రస్, ఆర్‌డీ (చదవమనేది), డబ్ల్యూఆర్ (రాయమనేది; రెండూ 0కి వస్తే పలుకుతాయి), ఐఓ/ఎం (మెమరీయా, ఐఓనా చెప్పేది) లైన్లన్నీ 74హెచ్‌సీ చిప్పుల మీదుగా వెళ్తాయి. కంట్రోల్ లైన్లకు 74హెచ్‌సీ244 బఫరు (సిగ్నల్‌ను బలపరిచి ముందుకి పంపే చిప్పు) పెట్టాను. రెండో స్లాటులో ఈప్రామ్, 62256 ర్యామ్. మూడో దాంట్లో 8251 సీరియల్, 8253 టైమర్. మిగతా మూడు ఖాళీ. ముందుముందు డీఎంఏ కార్డు (సీపీయూని ఆపి తానే మెమరీని చదివి రాసేది) చేయాలని హోల్డ్ (సీపీయూని బస్ వదలమనేది), రెడీ, ఐఎన్‌టీఆర్, ట్రాప్ లాంటి లైన్లన్నీ బ్యాక్‌ప్లేన్ చివరిదాకా లాగి ఉంచాను.

సమస్యలు రెండు. ఒకటి, ఖాళీ స్లాటు దగ్గర చెయ్యి పెడితే చాలు, మెషీన్ హ్యాంగ్ అవుతోంది. చెయ్యి తీసినా కోలుకోదు, రీసెట్ కొట్టాల్సిందే. రెండు, కీ నొక్కేదాకా ఆగడానికి ప్రోగ్రాములో హెచ్‌ఎల్‌టీ (ఇంటరప్టు వచ్చేదాకా సీపీయూని ఆపే ఇన్‌స్ట్రక్షన్) వాడాను. కీ నొక్కితే ఆర్‌ఎస్‌టీ 6.5 ఇంటరప్టు వచ్చి లేస్తుంది, కానీ ర్యామ్‌లో ఎక్కడో ఒకటి రెండు బైట్లు మారిపోయి ఉంటున్నాయి. విచిత్రం ఏమిటంటే, టైమర్ ఇంటరప్టు ప్రతి మిల్లీసెకనుకీ వస్తున్నప్పుడు ఎంతసేపు నడిపినా ఒక్క బైటూ మారదు.

ర్యామ్ చిప్పు రెండుసార్లు మార్చాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కొత్త పవర్ సప్లై తెచ్చాను. ప్రతి చిప్పుకూ 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. ఇక ఏం చూడాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్_బెంచీ | శనివారం, రాత్రి 11:05

మీరు రాసిన దాంట్లో ఒక్క మాట దగ్గర ఆగాను: "లైన్లన్నీ చివరిదాకా లాగి ఉంచాను." లాగి, దేనికి కట్టారు?

నేను పాలిటెక్నిక్ ల్యాబ్‌లో 22 ఏళ్లు 8085 కిట్లు బాగుచేశాను. 39వ పిన్ను హోల్డ్, 10వది ఐఎన్‌టీఆర్, 6వది ట్రాప్. వాడకపోతే ఈ మూడూ గ్రౌండుకి పోవాలి. 35వది రెడీ, అది +5కి. వీటిలో ఏదీ గాల్లో, అంటే దేనికీ కట్టకుండా, ఉండకూడదు. ఇప్పుడు వాటి మీద వోల్టేజీ ఎంతుందో కొలిచి చెప్పండి.

టంకం85 | శనివారం, రాత్రి 11:32

దేనికీ కట్టలేదు సార్. కార్డు పెట్టినప్పుడు అదే నడుపుతుంది కదా అనుకున్నాను. రెడీ మాత్రం సీపీయూ కార్డు మీద 4.7కె తో +5కి ఉంది.

హోల్డ్ కొలిచాను. మీటరు 0.1 వోల్టు లోపే చూపిస్తోంది. అంటే గ్రౌండులో ఉన్నట్టే కదా? ఇంకో సంగతి, ప్రోబ్ ఆనించి ఉంచినంతసేపూ ఖాళీ స్లాటును ముట్టుకున్నా హ్యాంగ్ అవ్వడం లేదు. తీసేస్తే మళ్లీ మామూలే.

ల్యాబ్_బెంచీ | శనివారం, రాత్రి 11:41

సగం జవాబు అదే. డిజిటల్ మీటరు లోపల సుమారు 10 మెగా ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ప్రోబ్ ఆనించగానే మీరు ఆ లైనుకి 10 మెగా ఓమ్‌ల పుల్-డౌన్ (గ్రౌండు వైపు లాగే రెసిస్టరు) కట్టినట్టు. అంత బలహీనమైన పుల్-డౌన్‌కే లైను కిందికి వచ్చేసిందంటే, దాన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరన్నమాట. మీరు చూసింది మీటరు తెచ్చిపెట్టిన 0 వోల్టు. మీటరు లేనప్పుడు ఆ లైను ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

ప్రోబ్ హోల్డ్ మీద కాకుండా హెచ్‌ఎల్‌డీఏ మీద పెట్టండి, అది 38వ పిన్ను, హోల్డ్‌కి సీపీయూ ఇచ్చే ఒప్పుకోలు. అది అవుట్‌పుట్ కాబట్టి కొలత దాన్ని కదిలించదు. స్కోపు గానీ లాజిక్ అనలైజరు గానీ ఉంటే ఇంకా మంచిది. చెయ్యి పెట్టి చూడండి.

ఈసీఈ_మూడోఏడు | ఆదివారం, ఉదయం 8:15

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఏమీ కలపకపోతే ఆ పిన్ను 0లో ఎందుకు ఉండదు? క్లాసులో "ఓపెన్ ఇన్‌పుట్ అంటే 1" అని చెప్పారు. ఇక్కడ అది కూడా కాదంటున్నారు.

రాగిదారి | ఆదివారం, ఉదయం 9:02

తమ్ముడూ, క్లాసులో చెప్పింది టీటీఎల్ (74ఎల్‌ఎస్ లాంటి పాత రకం చిప్పులు) సంగతి. 74ఎల్‌ఎస్ ఇన్‌పుట్ తన లోపలి నుంచే కొద్దిగా కరెంటు బయటికి వదులుతుంది. కిందికి లాగితే 0.4 మిల్లీ ఆంప్ దాకా వస్తుంది. అందుకే ఏమీ కలపకపోతే 1 లాగే ప్రవర్తిస్తుంది. గీత దాటి కొంచెమే పైన ఉంటుంది కాబట్టి పక్క లైను కదిలినా తడబడుతుంది. అది నమ్మదగ్గ 1 కాదు.

74హెచ్‌సీ లాంటి సీమాస్, 8085 లాంటి ఎన్‌మోస్ ఇన్‌పుట్ అలా కాదు. అక్కడ ఉన్నది ట్రాన్సిస్టర్ గేటు, అంటే ఒక బుల్లి కెపాసిటర్. కరెంటు ఇవ్వదు, తీసుకోదు. చివరిసారి ఎవరు ఏ ఛార్జి పోస్తే దాన్ని పట్టుకుని, లీకేజీ ఎటు లాగితే అటు జారుతుంది. పక్కన చెయ్యి పెడితే ఇంటి కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మన ఒంట్లోంచి దాని మీదికి ఎక్కుతుంది. సీమాస్‌లో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇన్‌పుట్ సరిగ్గా మధ్యలో, 5 వోల్టుల చిప్పులో 2.5 దగ్గర, నిలబడితే పై ట్రాన్సిస్టరూ కింది ట్రాన్సిస్టరూ రెండూ సగం తెరుచుకుంటాయి. సప్లై నుంచి గ్రౌండుకి నేరుగా కరెంటు పారుతుంది, చిప్పు వేడెక్కుతుంది, ఒక్కోసారి అవుట్‌పుట్ ఊగిసలాడుతుంది.

ఒకటే పిన్ను, ఎల్‌ఎస్ పెడితే ఒకలా, హెచ్‌సీ పెడితే ఇంకోలా ఉంటుంది. పాత సర్క్యూట్లలో ఎల్‌ఎస్ తీసి హెచ్‌సీ పెట్టగానే పిచ్చి పనులు మొదలవడానికి చాలాసార్లు కారణం ఇదే.

టంకం85 | ఆదివారం, ఉదయం 11:20

లాజిక్ అనలైజరు పెట్టాను. ల్యాబ్_బెంచీ గారు చెప్పినట్టే! చెయ్యి దగ్గరికి తేగానే హెచ్‌ఎల్‌డీఏ పైకీ కిందికీ కొట్టుకుంటోంది, సరిగ్గా 20 మిల్లీసెకన్లకు ఒకసారి. అంటే హోల్డ్ లైను 50 హెర్ట్జ్‌ను పట్టుకుంటోంది. ఇంట్లో వైరింగే నా సీపీయూని ఆపుతోందని నమ్మడానికి కాసేపు పట్టింది.

కానీ హోల్డ్ వస్తే సీపీయూ ఆగి, పోగానే కదలాలి కదా? ఎందుకు పూర్తిగా చచ్చిపోతోంది?

వెయ్యి_ఓములు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఇంత ఆలోచన ఎందుకు, ప్రతి కార్డు మీదా ప్రతి లైనుకీ 1కె పుల్-అప్ (+5 వైపు లాగే రెసిస్టరు) పెట్టేయండి. నేను అలాగే చేస్తాను. బలంగా ఉంటుంది.

ల్యాబ్_బెంచీ | ఆదివారం, మధ్యాహ్నం 12:48

వద్దండీ. ఒక్క కార్డుతో పనిచేసిందే, ఆరు కార్డులు పెట్టేసరికి ఆగిపోతుంది. లెక్క చూడండి. ఆరు కార్డుల మీద 1కె అంటే ఆరూ సమాంతరంగా కలిసి 167 ఓమ్‌లు. ఆ లైనును 0కి లాగేవాడు 30 మిల్లీ ఆంప్‌లు మింగాలి. 8085 పిన్ను 0 వోల్టేజీ హామీతో మింగగలిగేది 2 మిల్లీ ఆంప్‌లు. 74హెచ్‌సీ244 సుమారు 6, 74ఎల్‌ఎస్244 24. ఎవరి వల్లా కాదు. 0 అనుకున్నది హామీ ఉన్న 0 కన్నా పైన నిలబడుతుంది.

పుల్-అప్ ఒక్క చోటే ఉండాలి, అదీ బ్యాక్‌ప్లేన్ మీద. కార్డుల మీద ఉండకూడదు. ఇంకో మాట: హోల్డ్, ఐఎన్‌టీఆర్, ట్రాప్ పైకి వెళ్తే పలికే లైన్లు. వాటికి పుల్-అప్ పెడితే సీపీయూ పుట్టినప్పటి నుంచీ హోల్డ్‌లోనే ఉంటుంది. వాటికి పుల్-డౌన్ కావాలి. ఆ లైను మీద ఎక్కడైనా ఎల్‌ఎస్ ఇన్‌పుట్ ఉంటే పుల్-డౌన్ విలువ చూసుకోవాలి. రాగిదారి గారు చెప్పిన 0.4 మిల్లీ ఆంప్ దాకా వచ్చే కరెంటు 10కె గుండా పోతే లైను 0గా నిలబడదు. అక్కడ 1కె పెట్టాలి, 2కె దాటకూడదు.

వెయ్యి_ఓములు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

నిజమే, నేను ఎప్పుడూ రెండు కార్డులకు మించి పెట్టలేదు. ఈ లెక్క రాసుకుంటున్నాను.

నాలుగో_స్లాటు | ఆదివారం, సాయంత్రం 6:30

చాలా ఏళ్లు పీసీఐ (పీసీల్లో కార్డులు పెట్టే బస్) కార్డుల డిజైన్‌లో పనిచేశాను. ఇదే ప్రశ్నకు పీసీఐ వాళ్లు ఇచ్చిన జవాబు మీకు పనికొస్తుందని రాస్తున్నాను. 1992లో వచ్చిన ఆ బస్‌లో, ఎవరూ మాట్లాడనప్పుడు ఏ లైను ఎవరి చేతిలో ఉండాలో ముందే రాసిపెట్టారు. నాకు ఆ స్పెసిఫికేషన్‌లో అన్నిటికన్నా నచ్చిన భాగం అదే.

అడ్రస్-డేటా లైన్లు 32, వాటి పక్కన కమాండ్ లైన్లు, పారిటీ. వీటికి పుల్-అప్‌లు అక్కర్లేదన్నారు. బదులుగా "పార్కింగ్" పెట్టారు. బస్ ఎవరికీ అక్కర్లేనప్పుడు కూడా ఆర్బిటర్ (బస్ ఎవరిదో తేల్చే సర్క్యూటు) ఎవరో ఒకరికి గ్రాంట్, అంటే అనుమతి, ఇచ్చి ఉంచుతుంది. గ్రాంట్ అందుకున్నవాడు 8 క్లాకుల లోపు ఆ లైన్లను ఏదో ఒక విలువతో నడపడం మొదలెట్టాలి. ఏ విలువైనా ఫర్వాలేదు, గాల్లో మాత్రం ఉండకూడదు.

ఫ్రేమ్, ఐఆర్‌డీవై, టీఆర్‌డీవై, డెవ్‌సెల్, స్టాప్ లాంటి కంట్రోల్ లైన్ల సంగతి వేరు. అవి కిందికి వస్తే పలికేవి, ఒకరి తర్వాత ఒకరు నడిపేవి. వీటికి మదర్‌బోర్డు మీద పుల్-అప్ ఉంటుంది. 5 వోల్టుల బస్‌కి మామూలుగా 2.7కె, 3.3 వోల్టులకి 8.2కె. కానీ 2.7కె, 100 పికోఫారడ్‌లు కలిస్తే టైమ్ కాన్‌స్టెంట్ 270 నానోసెకన్లు. 33 మెగాహెర్ట్జ్ క్లాకు 30 నానోసెకన్లే. లైనును కిందే వదిలేసి వెళ్తే, రెసిస్టరు దాన్ని పైకి తెచ్చేలోపు తొమ్మిది క్లాకులు గడిచిపోతాయి. ఆ తొమ్మిది క్లాకులూ అందరూ అబద్ధం చదువుతారు.

అందుకే నియమం: వదిలిపెట్టేవాడు ముందు ఒక క్లాకు పాటు లైనును తానే పైకి నెట్టి, తర్వాత చెయ్యి తీయాలి. తర్వాతివాడు కనీసం ఒక క్లాకు ఆగి అందుకోవాలి. మధ్యలో పుల్-అప్ చేసేది లైనును పైన పట్టుకుని ఉండటం ఒక్కటే. పైకి లేపే పని దానిది కాదు. ఇది అర్థమైతే విలువల దగ్గర సగం గొడవ పోతుంది.

టంకం85 గారూ, మీ హెచ్‌ఎల్‌టీ సమస్యకి దీనితో సంబంధం ఉందని నా అనుమానం. హెచ్‌ఎల్‌టీలో 8085 పిన్నులు ఏ స్థితిలో ఉంటాయో డేటాషీటులో చూశారా?

టంకం85 | ఆదివారం, రాత్రి 9:15

చూశాను. ఇన్నాళ్లూ ఆ పట్టికను దాటేసి వెళ్లాను. హోల్డ్‌లో అడ్రస్, డేటా, ఆర్‌డీ, డబ్ల్యూఆర్, ఐఓ/ఎం ట్రై-స్టేట్ అవుతాయని (సీపీయూ వాటిని నడపడం మానేస్తుందని) తెలుసు. హాల్ట్‌లోనూ అంతే! రీసెట్‌లోనూ అంతే! ఏఎల్‌ఈ ఒక్కటే ఎప్పుడూ వదలదు.

అంటే హెచ్‌ఎల్‌టీలో కూర్చున్నంతసేపూ నా డబ్ల్యూఆర్ లైను గాల్లో ఉంది.

వెంటనే బ్యాక్‌ప్లేన్ మీద ఆర్‌డీ, డబ్ల్యూఆర్, ఐఓ/ఎం లకు 4.7కె పుల్-అప్, హోల్డ్, ఐఎన్‌టీఆర్, ట్రాప్‌లకు 1కె పుల్-డౌన్ పెట్టాను. ముట్టుకుంటే హ్యాంగ్ అవడం పూర్తిగా పోయింది. ఖాళీ స్లాట్ల మీద అరచెయ్యి పెట్టినా కదల్లేదు. కానీ హెచ్‌ఎల్‌టీ సమస్య అలాగే ఉంది. ఇప్పుడే మూడు బైట్లు మారాయి. పుల్-అప్ పెట్టాక కూడా ఎందుకు?

రాగిదారి | ఆదివారం, రాత్రి 9:50

మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. 8085కీ బ్యాక్‌ప్లేన్‌కీ మధ్య 74హెచ్‌సీ244 ఉంది. దాని ఎనేబుల్ పిన్ను దేనికి కట్టారు?

టంకం85 | ఆదివారం, రాత్రి 9:54

గ్రౌండుకి. ఎప్పుడూ ఆన్.

రాగిదారి | ఆదివారం, రాత్రి 10:20

అయితే అక్కడే ఉంది. హెచ్‌ఎల్‌టీలో గాల్లో తేలేది బఫరుకి ఇటు వైపు, అంటే 8085 పిన్నుకీ 244 ఇన్‌పుట్‌కీ మధ్య ఉన్న రెండంగుళాల రాగి. ఆ ఇన్‌పుట్ జారి 2.5 దాటి కిందికి వచ్చిందనుకోండి, బఫరు దాన్ని 0 అని నమ్మి, బ్యాక్‌ప్లేన్ మీద గట్టి 0 నడుపుతుంది. మీ 4.7కె దాన్ని ఏం ఆపుతుంది? బ్యాక్‌ప్లేన్ వైపు లైను గాల్లో లేదు, బఫరు చేతిలో ఉంది. ఆ బఫరుకి చెప్పేవాడే లేడు.

మీ టైమర్ విచిత్రానికి కూడా జవాబు దొరుకుతుంది. హెచ్‌ఎల్‌టీలోకి వెళ్లేముందు డబ్ల్యూఆర్ పైనే ఉంటుంది. ఆ ఛార్జి 50 పికోఫారడ్‌ల మీద నిలబడుతుంది. లీకేజీ 1 మైక్రో ఆంప్ అయితే 2.5 వోల్టులు పడటానికి 125 మైక్రోసెకన్లు. మామూలు గది వేడిలో లీకేజీ ఇంకా తక్కువే, 0.05 అనుకోండి, 2.5 మిల్లీసెకన్లు. మీ టైమర్ 1 మిల్లీసెకనుకే లేపేస్తోంది. లైను జారేలోపే సీపీయూ వచ్చి పట్టుకుంటోంది. మనిషి కీ నొక్కేదాకా ఆగితే ఆ వ్యవధి ఎప్పుడో దాటిపోతుంది.

మొదటి సమస్యలో మెషీన్ ఎందుకు కోలుకోలేదో కూడా ఇదే చెబుతుంది. హోల్డ్ వచ్చిన ప్రతిసారీ డబ్ల్యూఆర్ గాల్లోకి పోయింది, స్టాకులో ఏదో చెరిగింది. రెండూ ఒకటే జబ్బు.

8085 పిన్నుల దగ్గరే, బఫరుకి ముందు, ఆర్‌డీ, డబ్ల్యూఆర్, ఐఓ/ఎం కు 10కె పుల్-అప్ పెట్టండి. 0లో ఉన్నప్పుడు అర మిల్లీ ఆంప్, 8085 సులభంగా మోస్తుంది. లీకేజీ 10 మైక్రో ఆంప్‌లు ఉన్నా 0.1 వోల్టే పడుతుంది. ఐఓ/ఎం పైకి పోతే మెమరీ సెలెక్టు కూడా ఊడిపోతుంది, అదనపు రక్షణ. పైఅడ్రస్ లైన్లకూ పెట్టండి, బఫరు చిప్పు కోసం.

ల్యాబ్_బెంచీ | ఆదివారం, రాత్రి 10:31

చాలా చక్కగా పట్టారు. బ్యాక్‌ప్లేన్ మీద పెట్టమని చెప్పిన నేను ఆ బఫరును గమనించలేదు. ఒకటి కలుపుతాను: డీఎంఏ కార్డు వచ్చాక 244 ఎనేబుల్‌ను హెచ్‌ఎల్‌డీఏతో ఆపాలి, లేకపోతే రెండు చిప్పులు ఒకే లైనును చెరో వైపు లాగుతాయి. అప్పుడు బఫరు వదిలాక, డీఎంఏ అందుకునే ముందు, బ్యాక్‌ప్లేన్ వైపు గాల్లో ఉంటుంది. కాబట్టి ఆ 4.7కె లు తీసేయకండి. బఫరుకి రెండు వైపులా కావాలి.

ఈసీఈ_మూడోఏడు | సోమవారం, ఉదయం 7:40

అన్నా, బస్-హోల్డ్ ఉన్న చిప్పులని వస్తాయి కదా, 74ఎల్‌వీసీహెచ్ లాంటివి. అవి వాడితే రెసిస్టర్లే అక్కర్లేదు అని ఒకచోట చదివాను.

నాలుగో_స్లాటు | సోమవారం, ఉదయం 8:25

డేటా లైన్లకైతే మంచిదే. కానీ బస్-హోల్డ్ చివరి విలువను పట్టుకుంటుంది, క్షేమమైన విలువను కాదు. డబ్ల్యూఆర్ లాంటి లైనుకి మనకు కావలసింది "నిన్న ఎక్కడుంటే అక్కడ" కాదు, "ఎప్పుడూ పైన". పవర్ ఆన్ అవగానే అది ఎటు కూర్చుంటుందో కూడా చెప్పలేం. రెండూ కలిపి పెట్టేవాళ్లూ ఉన్నారు, అది ఇంకా ప్రమాదం. 3.3 వోల్టుల్లో ఆ హోల్డ్ సర్క్యూటును తిప్పడానికి 500 మైక్రో ఆంప్‌ల దాకా కావాలి. 10కె పుల్-అప్ మధ్య వోల్టేజీ దగ్గర ఇచ్చేది 200 లోపే. రెండూ పెనుగులాడి లైను మధ్యలో చిక్కుకోవచ్చు.

పాత_ఎక్స్‌టీ | సోమవారం, మధ్యాహ్నం 2:10

నేను ఐఎస్‌ఏ కార్డులు చేస్తుంటాను. ఐబీఎం 1981లో పీసీతో తెచ్చిన ఆ బస్‌లో ఇవన్నీ అనుభవించాను కాబట్టి రెండు విషయాలు రాస్తాను.

ఇంటరప్టు లైన్లు అక్కడ పైకి వెళ్తే పలికేవి, అంచును బట్టి పనిచేసేవి. ఏదైనా లైను మీద చిన్న గీత లేచి, సీపీయూ అడిగేలోపు పడిపోతే 8259 (ఇంటరప్టులను చూసుకునే చిప్పు) "ఐఆర్‌క్యూ 7" అని జవాబిస్తుంది. ఏ కార్డూ అడగని ఇంటరప్టు. పాత డ్రైవర్లలో ఐఆర్‌క్యూ 7 వచ్చినప్పుడు నిజమా కాదా అని 8259 రిజిస్టరు చూసుకోవడం అందుకే. పీసీఐ వాళ్లు ఇంటరప్టును కిందికి లాగే లైనుగా మార్చారు. ఎవరూ లేకపోతే పుల్-అప్ పైన ఉంచుతుంది, నలుగురూ పంచుకోవచ్చు కూడా. టంకం85 గారు బ్యాక్‌ప్లేన్ మళ్లీ గీస్తే హోల్డ్, ఇంటరప్టు లైన్లను అలా తిప్పి, సీపీయూ కార్డు మీద ఇన్వర్టరు పెట్టుకుంటే మేలు. కార్డులు ఓపెన్ కలెక్టరు (కిందికి మాత్రమే లాగే) 7406తో లాగుతాయి.

రెండోది, ఖాళీ అడ్రసు చదివితే ఎఫ్‌ఎఫ్ (ఎనిమిది బిట్లూ 1) వస్తుందని అందరం నమ్ముతాం. పుల్-అప్ ఉంటేనే. లేకపోతే డేటా లైన్ల కెపాసిటెన్సు మీద అంతకుముందు రాసిన బైటే మిగిలి ఉంటుంది. ర్యామ్ ఎంతుందో లెక్కపెట్టే ప్రోగ్రాములో 55 రాసి వెంటనే చదివితే, అక్కడ చిప్పే లేకపోయినా 55 తిరిగి రావచ్చు. మధ్యలో వేరే చోట ఏఏ రాసి, తర్వాత చదవాలి. నాకు ఈ సంగతి తెలిసేసరికి రెండు వారాలు పోయాయి.

ల్యాబ్_బెంచీ | సోమవారం, సాయంత్రం 5:45

ఎఫ్‌ఎఫ్ మాట వచ్చింది కాబట్టి ఒక అందమైన సంగతి. డేటా లైన్లకు పుల్-అప్ ఉండి, ఐఎన్‌టీఆర్ వచ్చినప్పుడు ఏ కార్డూ బదులు ఇవ్వకపోతే 8085 చదివేది ఎఫ్‌ఎఫ్. ఆ కోడు ఆర్‌ఎస్‌టీ 7. సీపీయూ 38 హెక్స్‌కి దూకుతుంది. అక్కడ "ఎవరూ పలకలేదు" అని ప్రింటు చేసే చిన్న రొటీను రాసి పెట్టుకుంటే, ఖాళీ బస్ తానే మీకు కబురు పంపుతుంది. మా ల్యాబ్ కిట్లలో నేను దీన్ని చాలాసార్లు వాడుకున్నాను.

టంకం85 | మంగళవారం, రాత్రి 11:50

8085 వైపు 10కె లు పెట్టాను. ఆర్‌డీ, డబ్ల్యూఆర్, ఐఓ/ఎం కు మూడు, పైఅడ్రస్ లైన్లకు తొమ్మిది పిన్నుల రెసిస్టరు ప్యాక్ ఒకటి. డేటా లైన్లకు బ్యాక్‌ప్లేన్ మీద ఇంకో ప్యాక్. ప్రోగ్రామును హెచ్‌ఎల్‌టీలో వదిలేసి అన్నం తిని, పిల్లల్ని పడుకోబెట్టి, రెండు గంటల తర్వాత కీ నొక్కాను. 32కె ర్యామ్ మొత్తం చెక్‌సమ్ సరిపోయింది. నమ్మకం కోసం ఆ 10కె లలో డబ్ల్యూఆర్‌ది ఒక్కటి ఊడదీశాను. ఐదు నిమిషాల్లో బైట్లు మారాయి. మళ్లీ అతికించాను, ఆగిపోయింది.

38 హెక్స్ దగ్గర రొటీను కూడా రాశాను సార్. మీకు చాలా రుణపడ్డాను, అందరికీ.

రాగిదారి | బుధవారం, ఉదయం 8:10

సంతోషం. ఇంకొక్కటి చూడండి. రీసెట్‌లో కూడా అవే లైన్లు వదిలేస్తుందని మీరే రాశారు. ర్యామ్‌లో ఏదైనా నింపి, రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ముందుముందు ర్యామ్‌కి బ్యాటరీ పెడితే ఈ పరీక్ష కావాలి.

టంకం85 | బుధవారం, రాత్రి 9:30

పెట్టాలనే ఉంది. నలభై సార్లు నొక్కాను, ఒక్కోసారి పది సెకన్లు. ఒక్క బైటూ మారలేదు. రేపటి నుంచి డీఎంఏ కార్డు గీయడం మొదలెడతాను. 244 ఎనేబుల్‌కు హెచ్‌ఎల్‌డీఏ వైరు ఇవాళే లాగేశాను.